తాండూరు పులిచాయ్

ఈమధ్య మీరంతా కొంబుచా, కొంబుచా అంటున్నారు. ఆ పేరు నాకు ముసలితనంలో తెలిసింది. ఆ వస్తువు మాత్రం పాత పరిచయమే. మొన్న నర్సింగు చదువుతున్న ఒక అమ్మాయి సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. తాండూరు రైల్వే క్వార్టర్లు, బండల దుమ్ము, ఒక ఇంటి మూలన ఇత్తడి గంజు, అన్నీ ఒక్కసారే కళ్లముందుకు వచ్చాయి. “తాగొచ్చా అమ్మమ్మా? మంచిదేనా?” అని అడిగింది. అవుననో కాదనో ఒక్క మాట చాలు ఆ పిల్లకు. నాకు ఆ ఒక్క మాట నోట రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు చెబుతాను. ఆరోగ్య శాఖలో కొత్తగా చేరినవాళ్లు కొంచెం ఓపికగా వినండి.

ఆంధ్ర, తెలంగాణ ఒక్కటైన కొన్నేళ్లకు నన్ను తాండూరులో హెల్త్ విజిటర్‌గా వేశారు. మాది ధారూర్ దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే క్రైస్తవ కుటుంబం. నాకేమో వికారాబాదులో వేస్తారని ఆశ. అక్కడైతే చెట్లు, చల్లగాలి, ఇల్లు దగ్గర. తాండూరులో రైలు దిగిన నాడే నా ప్రాణం ఉసూరుమన్నది. ఎండ, నాపరాళ్ల గనుల దుమ్ము, గూడ్సు డబ్బాల్లోకి బండలు ఎక్కించే చప్పుడు. అద్దె గదిలో కూర్చుంటే ఊపిరాడనట్టు ఉండేది. కూర్చోలేక సంచి భుజాన వేసుకుని, గొడుగు పట్టుకుని బయటపడేదాన్ని. బాలింతలు, టీకాలు, దగ్గు జబ్బువాళ్లు, ఒక వాడ నుంచి ఇంకో వాడ. నర్సమ్మకు పని మీద ఎంత శ్రద్ధో అని జనం మెచ్చుకున్నారు. నాకు ఒక్కచోట కుదురు లేకపోవడం వాళ్లకు అట్లా కనబడింది.

రైల్వే క్వార్టర్లలో ఒక గూడ్సు గార్డు కాపురం ఉండేది. ఆయన భార్యను ఊరంతా గార్డమ్మ అనేవారు. గుంటూరు వైపు మనిషి. పిల్లలు లేరు. భర్త బండి మీద పోతే మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు. సోలాపూరులో ఉన్నప్పుడు పక్కింటి ఆంగ్లో ఇండియన్ డ్రైవరు భార్య ఆమెకు ఒక గాజు జాడీ ఇచ్చిందట. అందులో తియ్యటి చాయ్, దాని మీద దిబ్బరొట్టె లాంటి ఒక పొర. మీగడా కాదు, పుట్టగొడుగూ కాదు. ముట్టుకుంటే జారిపోయేది. చక్కెర వేసి మరిగించిన చాయ్‌ని బాగా చల్లార్చి, అందులో ఆ పొరను వేసి, పైన శుభ్రమైన బట్ట కట్టి, వారం పది రోజులు కదపకుండా ఉంచితే చాయ్ పులుస్తుంది. పాత పొర మీద కొత్త పొర పుడుతుంది. పాతది తల్లి, కొత్తది బిడ్డ. పెరుగుకు తోడు ఇచ్చినట్టు ఆ బిడ్డను ఎవరికైనా ఇవ్వొచ్చు.

పులిసిన చాయ్ కనుక మావాళ్లు దానికి పులిచాయ్ అని పేరు పెట్టారు. తాగితే పులి లెక్క అయితరని ఎవరో నవ్వులాటకు అన్నారు. కొన్నాళ్లకు అది నవ్వులాటగా మిగల్లేదు. మోకాళ్ల నొప్పులు పోతాయన్నారు, రక్తం శుద్ధి అవుతుందన్నారు, సంతానం కలుగుతుందన్నారు. మరి గార్డమ్మకే కలగలేదు కదా అని ఎవరూ అడగలేదు. నిజానికి ఆమె ఈ మాటల్లో ఒక్కటీ అనలేదు. కాదని కూడా అనలేదు. ఊరు కాని ఊరు, తను మాట్లాడితే వింతగా చూసే జనం. అన్నాళ్లూ ఖాళీగా ఉన్న ఆమె గడప ముందు ఇప్పుడు పొద్దున లేస్తే ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని నిలబడుతున్నారు. అటువంటప్పుడు కాదనడం కష్టం.

మా దవాఖాన డాక్టరుగారు కూడా తాగేవాడు. హైదరాబాదు పట్నం మనిషి, చిన్న వయసు, మంచివాడు. రోగుల వరుస అయిపోయాక గ్లాసుడు పులిచాయ్ తాగి, “జర తాజాగ అనిపిస్తది సిస్టర్” అనేవాడు. నేనూ రుచి చూశాను. నీరా కల్లుగా మారబోయి మధ్యలో ఆగిపోయినట్టు ఉంది. నాకు నచ్చలేదు. దాని మీద కోపం మాత్రం ఏమీ లేదు.

ఆ ఎండాకాలంలోనే వికారాబాదు గుట్ట మీది క్షయ దవాఖాన నుంచి ఒక అమ్మాయి ఇంటికి తిరిగి వచ్చింది. బషీరాబాద్ అవతలి పల్లె పిల్ల. మాటల్లో కన్నడం కలిసేది. భర్త తాండూరు బండల గనిలో పనిచేసేవాడు, కాపురం మా ఊళ్లోనే. జబ్బు చాలావరకు తగ్గింది, కానీ ఇంటి దగ్గర ఇంకా చాలా నెలలు మందు వాడాలి అని చెప్పి పంపారు. మా దవాఖానలో సూది, మాత్రలు, దాంతోపాటు నోట్లో పెట్టుకోలేనంత పాడు రుచి ఉన్న ఒక పొడి. ఆ పొడి చాలామందికి కడుపులో తిప్పేది. ఆమె ఎట్లా ఉందో చూసి రావడం నా పని.

మొదట బాగానే ఉంది. తర్వాత వాంతులు మొదలయ్యాయి. భర్త వచ్చి, “మందు పడ్తలేదు సార్” అన్నాడు. డాక్టరుగారు పొడి ఆపించాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు. వాంతులు ఆగలేదు. ఈసారి భర్త తనంతట తానే మాత్రలు ఆపేశాడు. తర్వాత సూదికి తీసుకురావడం కూడా మానేశాడు. నేను ఇంటికి పోయి అడిగితే గుమ్మంలోనే జవాబు చెప్పాడు.

“మింగుడు, కక్కుడు. గంతే అయితున్నది నర్సమ్మా. గా మందు దేనికి మరి?”

“ఏం తింటున్నది?”

“ఏం తింటది? జర జొన్న గట్క. పులిచాయ్ ఒక్కటే లోపలికి పోతున్నది. గది గూడ లేకుంటె ఎప్పుడో నా చేతులకెల్లి పోతుండె.”

ఆ మాట విని తిరిగి వచ్చాను కానీ మనసు ఒక్కచోట నిలవలేదు. వాళ్లు తాగే బావి నీళ్లు చూశాను. జొన్నపిండి బూజు పట్టిందేమో చూశాను. నెల తప్పిందేమో అడిగాను. ఏదీ కాదు. డాక్టరుగారితో మళ్లీ మళ్లీ అదే సంగతి ఎత్తితే ఆయన విసుక్కున్నాడు. “మందు వేడి ఇంకా తగ్గలేదు సిస్టర్. కొద్దిరోజులు చూద్దాం” అన్నాడు. చూద్దాం అన్న మాట డాక్టర్లకు ఓపిక నేర్పుతుందేమో. నాకైతే కాళ్ల కింద నిప్పు పెడుతుంది. మందు ఆగి ఎన్నో రోజులైంది. మందే కారణమైతే వాంతులు కూడా ఆగాలి కదా. ఇంకోవైపు సాయంత్రం పూట జ్వరం మళ్లీ తొంగిచూస్తున్నది.

ఒకరోజు మధ్యాహ్నం ఏమైనా సరే సూది వేయించుకునేదాకా కదలనని అనుకుని వాళ్లింటికి పోయాను. భర్త అన్నానికి వచ్చి ఉన్నాడు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖంలో ఎముకలు తప్ప ఏమీ కనబడడం లేదు. పొద్దటి నుంచి ఏమీ తినలేదంది. భర్త లోటా నిండా పులిచాయ్ తెచ్చి చేతికిచ్చాడు. ఆమె తాగింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. కాసేపటికే పొట్ట పట్టుకుని వంగి, తాగిందంతా కక్కేసింది.

నేను వీపు నిమిరి నోరు తుడిచాను. ఆమె నీరసంగా అంది, “నోరంత రాగి పైస సప్పరించినట్టు ఉంటదక్కా. ఎప్పుడూ గట్లనే.”

“ఎప్పటిసంది?”

“వాంతులు షురువయిన కాన్నుంచి.”

నేను లేచి నిలబడ్డాను. “పులిచాయ్ దేంట్ల పెడ్తున్నరు? నాకు చూపెట్టుండ్రి.”

భర్త సంతోషంగానే చూపించాడు. మూలన పీట మీద పెద్ద ఇత్తడి గంజు, దాని మీద బట్ట. గార్డమ్మ ఇచ్చినప్పుడు చిన్న గాజు బుడ్డి ఇచ్చిందట. “గది సాలుతలేదని గంజులకు మార్చిన. పొద్దుమాపు కడుపు నిండ తాగితె జల్ది లేస్తది గద” అన్నాడు. ఎవరూ చెప్పకుండానే చేశాడు. భార్య బతకాలని చేశాడు.

“మీ ఇంట్ల పులుసు కళాయి లేని ఇత్తడి గిన్నెల పెడ్తరా?” అని అడిగాను.

“ఎవలు పెడ్తరు? చిలుము దిగుతది.”

“మరి గిది?”

“గిది చాయ్ గద నర్సమ్మా.”

నేను బట్ట విప్పి గంజును వెలుతురులోకి వంచాను. లోపలి కళాయి ఎప్పుడో అరిగిపోయింది. చాయ్ తగిలినంత మేర ఇత్తడి, చింతపండు పెట్టి తోమినట్టు తళతళ మెరుస్తున్నది. చాయ్ పైన, బట్ట కింద, చుట్టూ పచ్చటి చిలుము. పొర అంచులు కూడా పచ్చబారాయి. అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

“పెండ్లప్పుడు కళాయి పోయించి ఇచ్చిన్రు” అన్నాడు మెల్లగా. “ఉన్నదనుకున్న.”

తర్వాత గంజును ఎత్తి బయట పారబోయబోయాడు. నేను అడ్డం పోయి పట్టుకున్నాను. డాక్టరుగారు దీన్ని కళ్లతో చూడాలి. లేకపోతే మళ్లీ చూద్దాం అంటాడు. నడి ఎండలో ఆ గంజును అతను నెత్తిన పెట్టుకుంటే, పక్కన నేను నడిచాను.

డాక్టరుగారు గంజులోకి చూసి కుర్చీలోంచి లేచాడు. గంజు పక్కకు పెట్టించి, ముందు ఆమెను తీసుకురమ్మన్నాడు. నీళ్లు ఎక్కించి, రెండు రోజులు దవాఖానలోనే ఉంచుకున్నాడు. పులిచాయ్ ఆగింది, వాంతులూ ఆగాయి. అప్పుడు ఆయనకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఆయనకే తెలియదు. “రేపు డప్పు సాటింపు వేయిస్తా. ఈ ఊర్ల పులిచాయ్ అన్న మాటే వినపడొద్దు” అన్నాడు.

“సార్, మీరు తాగుతున్నరు కదా, మీకేమన్న అయిందా?” అన్నాను.

“నాది గాజు బుడ్డి.”

“గాజు బుడ్డి సంగతి సాటింపుల ఉండదు సార్. వద్దంటే దాచిపెట్టుకుని తాగుతరు. ఏ గిన్నెల దాచిన్రో మనకు తెల్వకుండ పోతది.”

ఆయన నుదురు రుద్దుకున్నాడు. “అయితే ఎన్ని ఇండ్లల్ల ఉన్నదో ఎట్ల తెలుస్తది?”

తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. నేను క్వార్టర్లకు పోయాను.

గార్డమ్మ నన్ను చూడగానే గ్లాసు అందుకుంది. వద్దన్నాను. జరిగింది చెప్పాను. ఎంత మెల్లగా చెప్పినా ఆ మాటకు మెత్తదనం రాదు. ఆమె మంచం అంచున కూర్చుంది.

“నేను విషం పెట్టానంటారా?”

“మీరు గాజు బుడ్డిలో ఇచ్చారమ్మా. వాళ్లు ఇత్తడిలోకి మార్చారు.”

“నేను చెప్పలేదు కదా, మార్చకూడదని. నాకు సోలాపూరులో ఆవిడ చెప్పింది, గాజులోనే పెట్టమని. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.” చేతిలోని గ్లాసు కింద పెట్టింది. “ఆ పిల్ల బతుకుతుందా?”

తెలియదన్నాను. ఆమె లేచి కొంగు సర్దుకుని చెప్పులు వేసుకుంది. ఎక్కడికని నేను అడగలేదు.

ఆ రోజూ ఆ తర్వాతా మేమిద్దరం ఇల్లిల్లూ తిరిగాం. ఎవరి జాడీలో పుట్టిన బిడ్డ ఎవరింటికి పోయిందో, వాళ్ల నుంచి ఇంకెవరికి చేరిందో ఆమెకు చుట్టరికాలు గుర్తున్నట్టు గుర్తుంది. చాలా ఇండ్లల్లో గాజులోనో పింగాణీ జాడీలోనో శుభ్రంగానే ఉంది. కొన్నిచోట్ల రాగి, ఇత్తడి. ఒక ఇంట్లో పొర మీద నల్లగా, నూగుగా బూజు లేచింది. ఆ ఇంటావిడ దాన్ని గరిటెతో గీకేసి తాగుదామని చూస్తున్నది. ఇంకో ఇంట్లో ఎంతకాలం వదిలేశారో, సిర్కా కంటే పుల్లగా గొంతు కోసుకుపోయేట్టుంది. పళ్లు రాని పసిదానికి చెంచాతో పట్టిస్తున్న తల్లి ఒకామె. నెలలు నిండిన గర్భిణి ఒకామె. ప్రతిచోటా గార్డమ్మే మాట్లాడింది. నేను పక్కన నిలబడ్డాను, అంతే. బూజు పట్టినవి, ఇత్తడివి తన చేత్తోనే పారబోసింది. పసిపిల్లలకు వద్దు, కడుపుతో ఉన్నవాళ్లకు వద్దు, మందు వాడేవాళ్లు డాక్టరుగారిని అడగకుండా ముట్టొద్దు అని చెప్పింది.

అందరూ మంచిగా తీసుకోలేదు. ఒక పెద్దావిడ తన జాడీకి అడ్డంగా నిలబడి, “ఇచ్చెటప్పుడు దేవత లెక్క ఇస్తివి, ఇప్పుడు పోలీసోల్ల లెక్క వస్తివి” అంది. గార్డమ్మ ముఖం ఎర్రబడింది. “అవునమ్మా, ఇచ్చేటప్పుడే చెప్పాల్సింది” అని అక్కడే నిలబడింది. పెద్దావిడ గొణుక్కుంటూ చివరికి పక్కకు జరిగింది. ఆ జాడీలో ఏ దోషమూ లేదు. మళ్లీ బట్ట కట్టి ఇచ్చేసి వచ్చాం.

ఆ వేసవి చివర గార్డమ్మ వాకిలి మళ్లీ ఖాళీ అయింది.

బండల గని అతని భార్యకు వాంతులు ఆగాయి కానీ కథ అక్కడ ఆగలేదు. మందు లేకుండా గడిచిన రోజుల్లో జబ్బు తన పని తాను చేసుకుపోయింది. ఒకనాడు దగ్గులో రక్తం పడింది. డాక్టరుగారు గుట్ట దవాఖానకు చీటీ రాసిచ్చాడు. ఆమెను రైలులో నేనూ భర్తా తీసుకుపోయాం. కిటికీ పక్కన పడుకోబెట్టాం. ధారూర్ దాటేటప్పుడు మా ఊరి పొలాలు కనబడ్డాయి. ఎప్పుడూ ఆ స్టేషనులో దిగిపోవాలని కొట్టుకునే నా ప్రాణం ఆనాడు బండి త్వరగా కదిలితే చాలనుకుంది. భర్త దారి పొడుగునా ఒక్కటే మాట అడిగాడు, “నా చేతులతోనే అయింది గదా నర్సమ్మా?” నేనేం చెప్పినా అతని తలకెక్కలేదు. చివరికి ఆమే కళ్లు తెరిచి, “ఊకో, నీళ్లియ్యి” అంది. నీళ్లు పట్టించే పని దొరికాక అతను కాస్త నిమ్మళించాడు.

వికారాబాదులో టాంగా కట్టించుకుని గుట్ట ఎక్కాం. అక్కడి పెద్ద డాక్టరు అంతా విని ఎవరినీ తిట్టలేదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, ఈసారి ఎక్కువ కాలం పడుతుంది, గ్యారంటీ ఏమీ ఇవ్వలేను అన్నాడు. నేను ఆశపడ్డ వికారాబాదు చల్లగాలి ఆ సాయంత్రం నా ఒంటికి తెలియనే లేదు.

మీరు అడిగేదానికి ఇప్పుడు జవాబు చెబుతాను. ఒక్క మాటలో కాదు. గట్టి ఒళ్లున్న మనిషి, గాజులో శుభ్రంగా పెట్టింది, మరీ పులిసిపోనిది, కొంచెం తాగితే మామూలుగా ఏమీ కాదు. లోహపు గిన్నెలో పులుపు నిలవ ఉంచితే అది గిన్నెను తింటుంది, ఆ గిన్నెను మీరు తాగుతారు. పింగాణీ మీది నాసిరకం పూతలో సీసం ఉండొచ్చని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. కనుక గాజే మేలు. చేతులు, బట్ట, జాడీ శుభ్రంగా ఉండాలి. రంగు రంగుల నూగు బూజు కనబడితే గీకడం కాదు, తల్లీ బిడ్డా మొత్తం పారబోయాలి. పసివాళ్లు, గర్భిణులు, పెద్ద జబ్బుతో ఒళ్లు తగ్గిపోయినవాళ్లు దాని జోలికి పోకూడదు. బలమున్నవాడు అరిగించుకునే క్రిమిని బలం లేనివాడు అరిగించుకోలేడు. అది జబ్బులు మాన్పుతుందని మాత్రం నాకు ఇన్నేళ్లలో ఎవరూ రుజువు చూపలేదు. తాగి కడుపులో తిప్పితే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి పోండి. డాక్టరు దగ్గర దాన్ని దాచకండి. అది కూడా మందుల లెక్కలోనే చెప్పండి.

మీరు నర్సులైతే ఇంకొకటి. రోగి ఏం తాగుతున్నాడో అడగడం అందరికీ వచ్చు. ఏ గిన్నెలో అని కూడా అడగండి.

బండల గని అతని భార్య గుట్ట మీద చాలాకాలం ఉంది. ఈలోపు గార్డుకు వాడి జంక్షనుకు బదిలీ అయి ఆ ఇద్దరూ వెళ్లిపోయారు. డాక్టరుగారూ పట్నం పోయాడు. నేను మాత్రం తాండూరులోనే ఉన్నాను. వికారాబాదుకు అడగడం ఎప్పుడో మానేశాను. ఒకనాడు దవాఖాన వాకిట్లో ఒక ఆడమనిషి నిలబడి నన్ను చూసి నవ్వింది. బుగ్గలు నిండి, మెడ కింద కండ పట్టి ఉంది. గొంతు విన్నాక తెలిసింది ఎవరో.

“గార్డమ్మ ఏడుందక్కా?”

వాడిలో అన్నాను. ఆమె రైలు ఎప్పుడుందని అడిగింది.

“అంత దూరం ఎందుకమ్మా? ఆమె ఇచ్చినదానితోనే కదా నీకు ఇంత పని అయింది.”

“మీరు మందిచ్చిన్రు. ఆయన అన్నం పెట్టిండు. మీ అందరికి పని ఉండె. గీ జబ్బు మనిషి పక్కన ఊకెనే వచ్చి కూసున్నది ఆమె ఒక్కతే. నేను గుట్ట దిగొచ్చిన కొత్తల రోజూ వస్తుండె. ముచ్చట పెడ్తుండె. గందుకే ఆమె ఇచ్చింది నాకు మందు లెక్క అనిపించింది.”

ఆమెను వాడి పోయే ప్యాసింజరు ఎక్కించి వచ్చాను. తిరిగి వచ్చాక ఆమే చెప్పింది. అక్కడి క్వార్టర్లలో వెతుక్కుంటూ పోయి తలుపు కొడితే గార్డమ్మే తీసిందట. ఎదురుగా నిలబడ్డ మనిషిని పైనుంచి కిందికి చూసి, “ఎవరు కావాలమ్మా?” అని అడిగిందట.